కింది మెట్టు నుంచి పైకి: ప్యాకెట్ రేడియో నోడ్ ప్రాజెక్టు డైరీ

పని మొదలు

ప్యాకెట్ రేడియో అంటే అమెచ్యూర్ (హ్యామ్) రేడియో మీద డేటాను చిన్న చిన్న కట్టలుగా పంపుకోవడం. మనిషి పక్కన లేకపోయినా రాత్రింబవళ్లు నడిచే 1200 బాడ్ (సెకనుకు 1200 బిట్ల వేగం) ప్యాకెట్ నోడ్, అంటే ఇతర స్టేషన్లు కనెక్ట్ అయ్యే కేంద్రం ఒకటి, దాని మీద చిన్న మెయిల్‌బాక్స్. ఈ ప్రాజెక్టుకు లక్ష్యం ఇంతే. సామాను మామూలుదే: ఒక వీహెచ్‌ఎఫ్ ఎఫ్‌ఎం రేడియో, యూఎస్‌బీ సౌండ్‌కార్డు, లైనక్స్ నడిచే చిన్న సింగిల్ బోర్డు కంప్యూటర్. రేడియోకూ కంప్యూటర్‌కూ మధ్య ఉండి డేటాను టోన్లుగా, టోన్లను డేటాగా మార్చే టీఎన్‌సీ పెట్టె చేసే పనిని డైర్‌వుల్ఫ్ అనే ప్రోగ్రాం చేస్తుంది. నోడ్, మెయిల్‌బాక్స్ పనిని లిన్‌బీపీక్యూ అనే ప్రోగ్రాం చూసుకుంటుంది. అవతలి వైపు నా మిత్రుడి స్టేషన్ ఉంది. అతని దగ్గర ఉన్నది సాఫ్ట్‌వేర్ కాదు, 1980లలో టాపర్ అనే అమెచ్యూర్ రేడియో సంస్థ రూపొందించిన టీఎన్‌సీ-2 డిజైన్ పెట్టె. అది ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. ఈ రెండు తరాలూ ఒకే ఛానెల్ మీద ఇబ్బంది లేకుండా మాట్లాడుకోవాలి.

చాలామంది ముందు నోడ్ ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసి, కనెక్ట్ కొట్టి చూస్తారు. కాకపోతే ఏ సెట్టింగ్ మార్చాలో తెలియక అన్నీ మారుస్తారు. నేను కింది నుంచి మొదలుపెడుతున్నాను. ఆడియో, పీటీటీ (ట్రాన్స్‌మిటర్‌ను ఆన్ చేసే స్విచ్), మోడెమ్, కిస్ (టీఎన్‌సీకీ కంప్యూటర్‌కూ మధ్య డేటా కట్టలు అందించే పద్ధతి), ఏఎక్స్.25 (ప్యాకెట్ రేడియో ప్రోటోకాల్), ఆ తర్వాతే నోడ్. ఒక మెట్టు తనంతట తాను సరిగ్గా ఉందని కళ్లతో చూశాకే పై మెట్టు ముట్టుకుంటాను. ఈ డైరీ కూడా ఆ వరుసలోనే ఉంటుంది.

సౌండ్‌కార్డు

ముందు కార్డు పేరు. ఆరెకార్డ్ ప్రోగ్రాంకు డాష్ ఎల్ ఇస్తే ఆడియో రికార్డు చేసే పరికరాల జాబితా వస్తుంది. అందులో మన యూఎస్‌బీ కార్డుకు 1 అనే నంబర్ కనబడుతుంది, డైర్‌వుల్ఫ్ నమూనా ఫైలులో కూడా ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ 1 కామా 0 అనే ఉంటుంది కాబట్టి అంతా కుదిరినట్టే అనిపిస్తుంది. కానీ ఆ నంబర్ శాశ్వతం కాదు. కంప్యూటర్ రీబూట్ అయినప్పుడు పరికరాలు ఏ వరుసలో దొరికితే ఆ వరుసలో నంబర్లు పడతాయి. మనిషి లేకుండా నడవాల్సిన స్టేషన్‌కు ఇది పనికిరాదు. అందుకే డైర్‌వుల్ఫ్ కాన్ఫిగ్ ఫైలులో ఏ కార్డు వాడాలో చెప్పే ఏడివైస్ లైనులో నంబర్ బదులు కార్డు పేరే రాశాను. ఒకే రకం కార్డులు రెండు ఉంటే పేర్లు కూడా కలిసిపోతాయి. అప్పుడు ఏ యూఎస్‌బీ సాకెట్‌లో ఉందన్నదాన్ని బట్టి పేరు ఖాయం చేసే యూడెవ్ (లైనక్స్‌లో పరికరాలకు పేర్లు, అనుమతులు ఇచ్చే ఏర్పాటు) రూల్ రాసుకోవాలి.

తర్వాత డెస్క్‌టాప్ సౌండ్ సర్వర్. అది కార్డును ముందే పట్టుకుని ఉంటే డైర్‌వుల్ఫ్‌కు అది దొరకదు, పరికరం బిజీగా ఉందంటుంది. ఈ కంప్యూటర్‌కు డెస్క్‌టాప్ అవసరమే లేదు కాబట్టి దాన్ని పూర్తిగా తీసేశాను. పల్స్ ఆడియోను బతిమాలి కార్డు విడిపించుకునే పద్ధతులు ఉన్నాయి గానీ, ఒకే పనికి పెట్టిన కంప్యూటర్‌లో ఆ గొడవ ఎందుకు?

ధ్వని లెవెల్స్ మార్చే ఆల్సామిక్సర్ ప్రోగ్రాంలో మొదట చేయాల్సిన పని ఆటో గెయిన్ కంట్రోల్ ఆపడం. ప్యాకెట్ ఒక సెకను ఉంటుంది. ఆ సెకనులో గెయిన్ తనంతట తాను పైకీ కిందకీ కదులుతుంటే టోన్ల ఎత్తు నిలకడగా ఉండదు. ఆపేశాక రిసీవ్ లెవెల్ సరిచూడాలి. డైర్‌వుల్ఫ్ ప్రతి ప్యాకెట్‌తో పాటు ఆడియో లెవెల్ అంకె చూపిస్తుంది. అది 50 దగ్గర ఉంటే బాగుంటుంది. మరీ ఎక్కువైతే తగ్గించమని అదే హెచ్చరిస్తుంది. సరిచేశాక ఆల్సాసీటీఎల్ స్టోర్ కొట్టాలి, లేకపోతే రీబూట్ తర్వాత లెవెల్స్ నిలబడతాయన్న భరోసా ఉండదు.

ఆ అంకె పక్కన బ్రాకెట్‌లో ఇంకో రెండు అంకెలు ఉంటాయి. చాలామంది వాటిని చూడరు, నాకు మాత్రం అవే ముఖ్యం. ఒకటి 1200 హెర్ట్జ్ టోన్ బలం, రెండోది 2200 హెర్ట్జ్ టోన్ బలం. 1200 బాడ్ ప్యాకెట్ అంటే బెల్ 202 పద్ధతిలో ఈ రెండు టోన్ల మధ్య అటూ ఇటూ మారడమే. ఎఫ్‌ఎం రేడియో ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు పై ఫ్రీక్వెన్సీలను పెంచుతుంది (ప్రీఎంఫసిస్), రిసీవ్ చేసేటప్పుడు అంతే తగ్గిస్తుంది. రెండు చోట్లా ఆ పని జరిగితే టోన్లు సమంగా వస్తాయి. ఒకచోటే జరిగితే 2200 టోన్ సుమారు 5 డెసిబెల్స్ తేడాతో వస్తుంది. మిత్రుడి స్టేషన్ నుంచి వచ్చే ప్యాకెట్లలో రెండో అంకె మొదటిదానిలో సగం కంటే కొంచెం ఎక్కువ ఉంది. అంటే అతని టీఎన్‌సీ ఆడియోను ప్రీఎంఫసిస్ లేని చోట ఇస్తోంది, నేను మాత్రం స్పీకర్ జాక్ నుంచి తీసుకుంటున్నాను. డైర్‌వుల్ఫ్ ఇలాంటి తేడాను తట్టుకుంటుంది. మోడెమ్ లైనులో ప్లస్ గుర్తు పెడితే, రెండు టోన్ల నిష్పత్తిని వేర్వేరుగా ఊహించుకునే అనేక డీకోడర్లు పక్కపక్కనే నడుస్తాయి. ఏవి సఫలమయ్యాయో నిలువు గీతల వరుసగా చూపిస్తుంది. గీతలు ఒక పక్కకే గుమిగూడితే టోన్లు సమంగా లేవని అర్థం. ఖర్చు లేకుండా దొరికిన కొలత పరికరం ఇది.

రేడియో వైపు చేయాల్సినవి మూడు. సిగ్నల్ లేనప్పుడు రిసీవర్ ధ్వనిని మూసేసే స్క్వెల్చ్‌ను పూర్తిగా తెరిచి పెట్టాను. ఛానెల్ ఖాళీగా ఉందా లేదా అన్నది డైర్‌వుల్ఫ్ సిగ్నల్‌ను బట్టి తానే తేల్చుకుంటుంది, మూసిన స్క్వెల్చ్ ప్రతి ప్యాకెట్ మొదలునూ మింగేస్తుంది. నిర్ణీత టోన్ ఉన్న సిగ్నల్‌కే ధ్వని తెరిచే టోన్ స్క్వెల్చ్ ఆపేశాను. బ్యాటరీ సేవ్ కూడా ఆపేశాను, ఎందుకంటే అది ఆన్‌లో ఉన్నప్పుడు రిసీవర్ మధ్యమధ్యలో నిద్రపోతుంది. హ్యాండ్‌హెల్డ్ వాడేవాళ్లకు ప్యాకెట్లు కారణం తెలియకుండా తప్పిపోతుంటే ముందుగా చూడాల్సిన చోటు ఈ బ్యాటరీ సేవ్.

పీటీటీ, ట్రాన్స్‌మిట్ లెవెల్

వాక్స్ మీద నడపకూడదని ముందే నిర్ణయించుకున్నాను. వాక్స్ అనేది ఆడియో రాగానే ట్రాన్స్‌మిటర్‌ను తానే ఆన్ చేసేది, మనిషి మాటల కోసం పెట్టిన ఏర్పాటు. ఆడియో ఆగిపోయాక కూడా అర సెకను దాకా ట్రాన్స్‌మిటర్‌ను పట్టుకుని ఉంటుంది. అవతలి స్టేషన్ వెంటనే జవాబిస్తే ఆ అర సెకనులో మనకు వినబడదు. ప్యాకెట్‌లో జవాబులన్నీ వెంటనే వచ్చేవే.

నా సౌండ్‌కార్డులో ఉన్నది సీఎం108 కుటుంబం చిప్. దాని జీపీఐఓ పిన్నుతో (సాఫ్ట్‌వేర్ ఆన్, ఆఫ్ చేయగల పిన్ను) పీటీటీ నొక్కవచ్చు. కాన్ఫిగ్‌లో పీటీటీ సీఎం108 అని ఒక లైను చాలు. అయితే ఆ పిన్ను హెచ్‌ఐడీ (కీబోర్డు, మౌస్ లాంటి) పరికరంగా కనబడుతుంది కాబట్టి మామూలు యూజర్‌కు దాని మీద రాసే అనుమతి ఉండాలి. డైర్‌వుల్ఫ్‌తో పాటు వచ్చే యూడెవ్ రూల్ ఫైలు ఆ పని చేస్తుంది. అన్ని అనుమతులూ ఉండే రూట్ యూజర్‌గా నడిపితే ఈ సమస్య కనబడదు గానీ, ఆడియో ప్రోగ్రాంను రూట్‌గా నడపడం నాకు ఇష్టం లేదు.

డైర్‌వుల్ఫ్‌కు డాష్ ఎక్స్ ఇస్తే క్యాలిబ్రేషన్ టోన్లు పంపుతుంది. టోన్ లేకుండా పీటీటీ ఒక్కటే నొక్కి చూసే వీలు కూడా ఉంది. ముందు అది చూసి, తర్వాత డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టి, పవర్ గాలిలోకి పోకుండా చూసేది) మీద టోన్లు పంపాను. డీవియేషన్ (ఆడియో వల్ల ఫ్రీక్వెన్సీ ఎంత కదులుతుందన్నది) కొలిచే మీటర్ లేనప్పుడు చేసే పద్ధతి ఇది: పక్కన ఇంకో రిసీవర్ పెట్టుకుని ఆడియో లెవెల్ మెల్లగా పెంచుతూ పోవాలి. ఒక చోట, ఇంకా పెంచినా రిసీవర్‌లో ధ్వని పెరగడం ఆగిపోతుంది. అక్కడ ట్రాన్స్‌మిటర్ లిమిటర్ కోసేస్తోంది. అక్కడి నుంచి బాగా కిందకు, ధ్వని సగానికి కొంచెం పైన ఉండే చోటుకు తీసుకురావాలి. 5 కిలోహెర్ట్జ్ హద్దు ఉన్న రేడియోలో అది సుమారు 3 కిలోహెర్ట్జ్ డీవియేషన్ దగ్గర పడుతుంది. గట్టిగా పంపితే దూరం పోతుందనుకోవడం ఎఫ్‌ఎం ప్యాకెట్‌లో చెల్లదు. లిమిటర్ కోసిన టోన్ వంకరపోతుంది, దగ్గరి స్టేషన్ కూడా డీకోడ్ చేయలేదు.

రేడియో మెనూలో టైమ్‌అవుట్ టైమర్ ఆన్ చేశాను. ప్రోగ్రాం ఏ కారణంతోనైనా చచ్చిపోయి పీటీటీ నొక్కినట్టే ఉండిపోతే, ఛానెల్ మొత్తం మూసుకుపోతుంది. కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే స్టేషన్ పేరు) నాది, బాధ్యత నాది. సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడని ఆపుదల ఒకటి ఉండి తీరాలి.

పవర్ పెంచి యాంటెన్నాకు పంపిన సాయంత్రం ఇంకోటి బయటపడింది. ట్రాన్స్‌మిట్ అయిన ప్రతిసారీ సౌండ్‌కార్డు యూఎస్‌బీ నుంచి ఊడిపోయి మళ్లీ చేరుతున్నట్టు కెర్నెల్ (లైనక్స్ మూల భాగం) లాగ్‌లో కనబడింది. కేబుల్ మీదుగా ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నల్) లోపలికి వస్తోంది. యూఎస్‌బీ కేబుల్‌ను పొట్టిది చేసి, దానికీ ఆడియో కేబుల్‌కూ ఆర్‌ఎఫ్‌ను అడ్డుకునే ఫెర్రైట్లు చుట్టాక ఆగింది.

కిస్ మెట్టు

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత వచ్చే చిక్కుకు మూలం ఇక్కడే ఉంది. పాత టీఎన్‌సీలో ఏఎక్స్.25 ప్రోటోకాల్ మొత్తం పెట్టెలోనే ఉండేది. టీఎన్‌సీ-2లో అయితే జడ్80 ప్రాసెసర్ మీద నడిచేది. కనెక్షన్ పెట్టడం, ఎక్నాలెడ్జ్‌మెంట్లు (అందిందన్న జవాబులు) లెక్కపెట్టడం, రీట్రై చేయడం అన్నీ అదే చూసుకునేది. కంప్యూటర్‌కు టెర్మినల్ పని తప్ప ఏమీ ఉండేది కాదు. మైక్ చెపోనిస్, ఫిల్ కార్న్ 1987లో కిస్ పద్ధతిని ప్రకటించి దీన్ని తిరగేశారు. పెట్టె ఫ్రేమ్‌ను (ఒక డేటా కట్టను) గాలిలోకి పంపుతుంది, గాలిలోంచి తీసుకుంటుంది, అంతే. తెలివి అంతా కంప్యూటర్‌లో. కిస్ ఫ్రేమ్ మొదలూ చివరా హెక్స్‌లో సీ0 అనే బైటు ఉంటుంది. మొదటి సీ0 తర్వాత ఒక కమాండ్ బైటు, ఆ తర్వాత డేటా. కమాండ్ 0 అయితే డేటా, 1 టీఎక్స్‌డిలే, 2 పర్సిస్టెన్స్, 3 స్లాట్‌టైమ్ (ఈ మూడింటి సంగతి తర్వాత వస్తుంది). కమాండ్ బైటులో పై సగం పోర్టు నంబర్. ఇంత చిన్నది కాబట్టే ఇన్నేళ్లయినా నిలిచింది.

మొదటి పరీక్షకు లైనక్స్ కెర్నెల్‌లోని ఏఎక్స్.25నే వాడాను. నోడ్ ప్రోగ్రాం పెట్టకముందే చిన్నచిన్న పనిముట్లతో చూసుకోవచ్చు కాబట్టి. డైర్‌వుల్ఫ్‌ను డాష్ పీతో నడిపితే ఒక సూడో టెర్మినల్ (సీరియల్ పోర్టులా కనబడే కల్పిత పోర్టు) ఇస్తుంది. ఏఎక్స్‌పోర్ట్స్ ఫైలులో ఒక లైను రాశాను: పోర్టు పేరు, కాల్‌సైన్, వేగం, ప్యాకెట్ పొడవు, విండో (జవాబు రాకముందే పంపగల ఫ్రేముల సంఖ్య), చివర వివరణ. తర్వాత ఆ టెర్మినల్‌ను కెర్నెల్‌కు తగిలించే కిస్‌అటాచ్. వచ్చే ఫ్రేములను చూపించే ఏఎక్స్‌లిజన్ పెట్టగానే ఛానెల్ మీది ఫ్రేములు కనబడ్డాయి. రిసీవ్ వైపు పూర్తయినట్టే.

ట్రాన్స్‌మిట్‌లో మాత్రం మొదటి ఒకటి రెండు ఫ్రేములు గాలిలోకి పోలేదు. డైర్‌వుల్ఫ్ తెర మీద, లేని ఛానెల్‌కు, 8వ ఛానెల్‌కు, ఫ్రేము వచ్చిందన్న ఫిర్యాదు ఉంది. 8 అన్న అంకెలోనే జవాబు ఉంది. కెర్నెల్‌లోని కిస్ డ్రైవర్ సీరియల్ లైను మీద చెక్‌సమ్ (తప్పులు పట్టే అంకె) వాడే స్మాక్ అనే పాత పద్ధతిని ముందు ప్రయత్నిస్తుంది. స్మాక్ గుర్తు కమాండ్ బైటులో అన్నిటికంటే పై బిట్టు. మామూలు కిస్ ప్రకారం చదివితే అదే 8వ పోర్టు అవుతుంది. పరిష్కారం డైర్‌వుల్ఫ్ మాన్యువల్‌లోనే ఉంది: కిస్ సెట్టింగులు మార్చే కిస్‌పార్మ్స్‌కు డాష్ సీ 1 ఇచ్చి చెక్‌సమ్ వద్దని చెప్పాలి. చెప్పాక మొదటి ఫ్రేము నుంచే సరిగ్గా పోతోంది. మనిషి లేని స్టేషన్‌లో దీన్ని స్టార్టప్ స్క్రిప్టులో పెట్టడం మరిచిపోకూడదు.

టీఎక్స్‌డిలే

ట్రాన్స్‌మిటర్ ఆన్ కావడానికీ డేటా మొదలవడానికీ మధ్య ఆగే సమయం ఇది. రేడియో సింథసైజర్ లాక్ కావాలి, అవతలి రిసీవర్ సిగ్నల్ పట్టుకోవాలి. కిస్ పత్రంలో చెప్పిన డిఫాల్ట్ 500 మిల్లీసెకన్లు. 1200 బాడ్ మీద అర సెకను అంటే 600 బిట్లు, 75 బైట్లు. ఒక ఎక్నాలెడ్జ్‌మెంట్ ఫ్రేము మొత్తం కలిపి 20 బైట్లు కూడా ఉండదు. అంటే అసలు మాట కంటే గొంతు సవరించుకోవడానికి నాలుగు రెట్లు ఎక్కువ సమయం పోతోంది.

అందరికీ ప్రసారం చేసే బీకన్ ప్రోగ్రాంతో వరుస నంబర్లున్న చిన్న ఫ్రేములు పంపుతూ, టీఎక్స్‌డిలే మెల్లగా తగ్గిస్తూ వచ్చాను. మిత్రుడు తన వైపు ఏ నంబర్లు రాలేదో చెబుతూ వచ్చాడు. 200 కింద తప్పిపోవడం మొదలైంది. చలికీ వేడికీ రేడియో ప్రవర్తన కొంచెం మారుతుంది కాబట్టి 300 దగ్గర ఆపాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఒక్క అంకెను మూడు చోట్ల మూడు రకాలుగా రాయాలి. డైర్‌వుల్ఫ్ కాన్ఫిగ్‌లో టీఎక్స్‌డిలే 30 అని రాస్తారు, ఎందుకంటే అక్కడి యూనిట్ 10 మిల్లీసెకన్లు. కిస్‌పార్మ్స్‌లోనూ లిన్‌బీపీక్యూ కాన్ఫిగ్‌లోనూ 300 అని రాస్తారు, అక్కడ మిల్లీసెకన్లు. కిస్ లైను మీద పోయేది మళ్లీ 30. పైగా కిస్ ద్వారా కనెక్ట్ అయిన ప్రోగ్రాం తన విలువను పంపితే, డైర్‌వుల్ఫ్ తన ఫైలులో ఉన్నదాన్ని పక్కనపెట్టి దాన్నే పాటిస్తుంది. చివరగా చెప్పినవాడి మాటే చెల్లుతుంది. అదృష్టవశాత్తు, కిస్ ప్రోటోకాల్ ద్వారా టీఎక్స్‌డిలే ఇంతకు మారిందని, యూనిట్లతో సహా, తెర మీద రాస్తుంది. ఫైలులో ఏముందో నమ్మకుండా తెర మీద ఆ లైను చూసి నిర్ధారించుకోవాలి. పర్సిస్టెన్స్, స్లాట్‌టైమ్‌లకూ ఇదే వర్తిస్తుంది.

ఆ రెండింటినీ డిఫాల్ట్ దగ్గరే వదిలాను: 63, 100 మిల్లీసెకన్లు. ఛానెల్ ఖాళీ కాగానే ప్రతి 100 మిల్లీసెకన్లకూ ఒకసారి పాచిక వేసి, నాలుగింట ఒక వంతు అవకాశంతో ట్రాన్స్‌మిట్ చేయడం దీని అర్థం. ఇద్దరమే ఉన్నప్పుడు ఇది నెమ్మది అనిపిస్తుంది, పర్సిస్టెన్స్ 255 చేయాలనిపిస్తుంది. చేయకూడదు. ఛానెల్ ఖాళీ అయ్యే క్షణం కోసం ముగ్గురు కాచుకుని ఉంటే ముగ్గురూ ఒకేసారి మీదపడతారు. ఒకరికొకరు వినబడని స్టేషన్లు ఉన్నచోట పరిస్థితి ఇంకా అధ్వానం.

ఎస్‌ఎస్‌ఐడీల పంపకం

ఒక కాల్‌సైన్‌కు 0 నుంచి 15 దాకా ఎస్‌ఎస్‌ఐడీలు, అంటే ఒకే కాల్‌సైన్ కింద వేర్వేరు పనులను విడదీసే అంకెలు ఉంటాయి. నోడ్‌కు 7, మెయిల్‌బాక్స్‌కు 1, కెర్నెల్ పరీక్ష పోర్టుకు 5 ఇచ్చాను. కూర్చుని టైప్ చేసేటప్పుడు నాకు 0. వింలింక్ (రేడియో మీద ఈమెయిల్ సేవ) గేట్‌వే పెట్టేవాళ్లు 10 వాడటం ఆనవాయితీ కాబట్టి దాన్ని ఖాళీగా ఉంచాను.

ఇది అందం కోసం కాదు. డైర్‌వుల్ఫ్‌కు కెర్నెల్, లిన్‌బీపీక్యూ రెండూ ఒకేసారి తగిలించవచ్చు. వచ్చిన ప్రతి ఫ్రేమూ రెండింటికీ పోతుంది. రెండింటికీ ఒకే కాల్‌సైన్, ఒకే ఎస్‌ఎస్‌ఐడీ ఉంటే, అవతలివాళ్లు కనెక్ట్ అడగగానే నోడ్ సరేనంటుంది, ఆ పేరు మీద వినే ప్రోగ్రాం ఏదీ లేని కెర్నెల్ కుదరదని డీఎం ఫ్రేము పంపుతుంది. అవతలి తెర మీద కనెక్ట్ అయినట్టే అయి తెగిపోతుంది. గాలి వైపు ఎంత వెతికినా కారణం దొరకదు.

లిన్‌బీపీక్యూ

జాన్ వైజ్‌మన్, కాల్‌సైన్ జీ8బీపీక్యూ, దశాబ్దాలుగా పెంచుతూ వస్తున్న ప్రోగ్రాం ఇది. ఏఎక్స్.25, నెట్‌రామ్ రూటింగ్ (నోడ్ నుంచి నోడ్‌కు దారి చూపే పద్ధతి), మెయిల్, చాట్ అన్నీ ఇందులోనే ఉన్నాయి. కాన్ఫిగ్ మొత్తం బీపీక్యూ32 డాట్ సీఎఫ్‌జీ అనే ఒకే టెక్స్ట్ ఫైలు. మొదటిసారి చూస్తే భయపెడుతుంది గానీ, సింపుల్ అని ఒక్క పదం రాస్తే మామూలు విలువలన్నీ తానే తీసుకుంటుంది. దాని మీద నోడ్‌కాల్ (నోడ్ కాల్‌సైన్), నోడ్ అలియాస్ (పొట్టి పేరు), ఆ తర్వాత ఒక పోర్టు విభాగం.

పోర్టు విభాగంలో సూడో టెర్మినల్ వాడలేదు. డైర్‌వుల్ఫ్ ఇచ్చే టీసీపీ (నెట్‌వర్క్ కనెక్షన్) కిస్ పోర్టు 8001కి తగిలించాను. డైర్‌వుల్ఫ్ ఎప్పుడైనా రీస్టార్ట్ అయితే సూడో టెర్మినల్ చచ్చిపోతుంది, కిస్‌అటాచ్ మళ్లీ చేయాల్సిందే. టీసీపీ అయితే లిన్‌బీపీక్యూ తనంతట తాను మళ్లీ కనెక్ట్ అవుతుంది. మనిషి లేని స్టేషన్‌కు ఇదొక్కటే చాలు కారణం.

అయితే 8001 పోర్టు నెట్‌వర్క్ మొత్తానికీ తెరిచి ఉంటుంది. దానికి పాస్‌వర్డ్ లేదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఏ కంప్యూటరైనా నా ట్రాన్స్‌మిటర్‌ను వాడగలదు. ఫైర్‌వాల్‌లో లోకల్‌హోస్ట్‌కు తప్ప మిగతావాటికి మూసేశాను. ప్రోగ్రాంలు తగిలించడానికి ఉన్న ఇంకో దారి, నేను వాడని ఏజీడబ్ల్యూ పోర్టుకు కాన్ఫిగ్‌లో 0 రాసి పూర్తిగా ఆపేశాను. రిమోట్‌గా నోడ్‌ను నిర్వహించే పనులను కూడా రేడియో మీద పెట్టలేదు. అమెచ్యూర్ రేడియోలో ప్రసారాల అర్థాన్ని దాచే ఎన్‌కోడింగ్ సాధారణంగా వాడకూడదు. కాబట్టి గాలిలో పోయే పాస్‌వర్డ్ ఎవరికైనా కనబడుతుంది.

ఫ్రాక్

ఈ ప్రాజెక్టులో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే.

పోల్చి చూడటానికి రెండు వైపులా ఒకే అంకెలు పెట్టుకుందామని మిత్రుడితో అనుకున్నాం. అతని టీఎన్‌సీ-2లో డిఫాల్ట్‌లు అలాగే ఉన్నాయి: ఫ్రాక్ (జవాబు కోసం ఆగే సమయం) 3 సెకన్లు, మ్యాక్స్‌ఫ్రేమ్ (జవాబు రాకముందే పంపే ఫ్రేములు) 4, ప్యాక్‌లెన్ (ఒక ఫ్రేములో డేటా బైట్లు) 128, రీట్రై (మళ్లీ ప్రయత్నాలు) 10. నా వైపు లిన్‌బీపీక్యూలో అవే రాశాను, యూనిట్లు మార్చి. చిన్న సందేశాలు హాయిగా పోయాయి. పొడుగు మెయిల్ మొదలుపెడితే, నేను పంపే ప్రతి కట్ట వెనకా అందిందా అని అడిగే పోల్ ఫ్రేములు అక్కర్లేకుండా పోతున్నాయి. అతను వాటన్నిటికీ జవాబిస్తున్నాడు. డేటా ఎక్కడా తప్పిపోలేదు, సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది, అయినా ఛానెల్ మీద గలాటా. అతని వైపు నుంచి నాకు వచ్చే మెయిల్‌లో మాత్రం ఈ గొడవ లేదు. అవే అంకెలు, ఒక దిక్కులో బాగున్నాయి, ఇంకో దిక్కులో లేవు.

కాగితం తీసుకుని లెక్క వేశాను. 128 బైట్ల డేటా ఉన్న ఫ్రేముకు అడ్రసులు 14, కంట్రోల్ 1, పీఐడీ (లోపలి డేటా ఏ ప్రోటోకాల్‌దో చెప్పేది) 1, చెక్‌సమ్ 2, మొదలూ చివరా ఉండే రెండు ఫ్లాగులు కలిపితే 148 బైట్లు. అంటే 1184 బిట్లు, 1200 బాడ్ మీద దాదాపు ఒక సెకను. నాలుగు ఫ్రేములకు నాలుగు సెకన్లు. ముందు టీఎక్స్‌డిలే 0.3. పాచిక కోసం ఆగడం సగటున ఇంకో 0.3 చొప్పున రెండు వైపులా. అవతలి వాళ్ల టీఎక్స్‌డిలే, వాళ్ల చిన్న జవాబు. ఎవరూ అడ్డు రాకపోయినా అయిదు సెకన్లు దాటుతుంది. మూడు సెకన్ల టైమర్‌తో ఇది ఎలా కుదురుతుంది? మరి అతని పెట్టెలో ఎలా కుదురుతోంది?

తేడా టైమర్ ఎప్పుడు మొదలవుతుందన్న దాంట్లో ఉంది. టీఎన్‌సీ-2లో ప్రోటోకాల్, ట్రాన్స్‌మిటర్ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఆఖరి ఫ్రేము గాలిలోకి పోయిన క్షణం దానికి తెలుసు, అక్కడి నుంచి లెక్కపెట్టగలదు. కిస్‌లో ఆ కబురు వెనక్కు రాదు. లిన్‌బీపీక్యూ నాలుగు ఫ్రేములను టీసీపీ మీద క్షణంలో అందించేస్తుంది, టైమర్ అప్పుడే మొదలవుతుంది. డైర్‌వుల్ఫ్ ఇంకా రెండో ఫ్రేమో మూడో ఫ్రేమో పంపుతుండగానే గడువు దాటిపోతుంది. జవాబు రాలేదని పోల్ ఫ్రేము తయారై డేటా వెనక వరుసలో నిలబడుతుంది. కిస్ ఇచ్చిన సౌలభ్యానికి ఇది మనం కట్టే మూల్యం. 1980ల మాన్యువల్స్‌లోని టైమర్ అంకెలు ఆ పెట్టెలకు నిజాలు. కిస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌లోకి వాటిని ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకోలేం.

ఛానెల్ ఖాళీగా ఉన్నప్పుడు ఇది ఊరికే సమయం వృథా. రద్దీగా ఉన్నప్పుడు ప్రమాదం. వేరేవాళ్లు వరుసగా పంపుతుంటే మన ఫ్రేములు వరుసలోనే ఉంటాయి, రీట్రైలు మాత్రం తరిగిపోతుంటాయి. పది వరుసగా అయిపోతే, గాలిలోకి ఒక్క డేటా ఫ్రేమూ పోకుండానే లింకు తెగిపోతుంది.

మార్చినవి: ఫ్రాక్ 7000, మ్యాక్స్‌ఫ్రేమ్ 2. ప్యాక్‌లెన్ 128 అలాగే ఉంచాను. 256 పెడితే ఒక్కో ఫ్రేము 1.8 సెకన్లు, అందులో ఒక్క బిట్టు చెడితే మొత్తం మళ్లీ పంపాలి. మ్యాక్స్‌ఫ్రేమ్ 4 అయితే మొదటి ఫ్రేము చెడినప్పుడు వెనక వచ్చిన మూడు మంచివి కూడా వృథా, ఎందుకంటే మామూలు ఏఎక్స్.25 చెడిన చోటి నుంచి అన్నీ తిరిగి పంపుతుంది. రెండు అన్నది మంచి రాజీ. మార్చగానే అనవసరపు పోల్స్ ఆగిపోయాయి. కొన్ని కిస్ టీఎన్‌సీలలో, ఫ్రేము నిజంగా గాలిలోకి పోయాక కబురు చెప్పే ఎక్‌మోడ్ అనే పొడిగింపు ఉంది, లిన్‌బీపీక్యూకు అది తెలుసు. అలాంటిది ఉన్నవాళ్లు తప్పక వాడాలి. లేనివాళ్లకు టైమర్ పొడవు పెంచడమే దారి.

కెర్నెల్ ఏఎక్స్.25 వాడేవాళ్లు ఇదే లెక్కను టీ1 టైమ్‌అవుట్‌లో చూసుకోవచ్చు. ప్రాక్ కింద సిస్, నెట్, ఏఎక్స్25 ఫోల్డర్లలో ఉంటుంది. అక్కడ డిఫాల్ట్ 10 సెకన్లు. ఎందుకంత పెద్దదన్నది ఇప్పుడు అర్థమైంది.

ఎఫ్‌ఎక్స్.25

లింకు స్థిరపడ్డాక ఫార్వర్డ్ ఎర్రర్ కరెక్షన్ (అదనపు బైట్ల సాయంతో తప్పులను అందుకునేవాళ్లే సరిదిద్దుకునే పద్ధతి) చూశాను. డైర్‌వుల్ఫ్‌లో రెండు ఉన్నాయి: ఎఫ్‌ఎక్స్.25, ఐఎల్2పీ. ఐఎల్2పీ కొత్తది, పొదుపైనది, కానీ పాత టీఎన్‌సీకి అది శబ్దమే తప్ప ఫ్రేము కాదు. ఎఫ్‌ఎక్స్.25 మామూలు ఏఎక్స్.25 ఫ్రేమును అలాగే ఉంచి, దాని చుట్టూ తప్పులు సరిదిద్దే 16, 32 లేదా 64 రీడ్-సాలమన్ బైట్లు చేరుస్తుంది. పాత టీఎన్‌సీ అదనపు బైట్లను పట్టించుకోకుండా లోపలి ఫ్రేమును చదువుకుంటుంది. మిత్రుడి పెట్టె ఒక్క ఫ్రేము కూడా వదలలేదు. కనుక నా ఎంపిక ఎఫ్‌ఎక్స్.25. అదనపు బైట్లు పంపడానికి సమయం పడుతుంది కాబట్టి ఫ్రాక్ లెక్క మళ్లీ వేయాల్సి వచ్చింది, 8000 చేశాను.

ఇప్పటి స్థితి

డైర్‌వుల్ఫ్, లిన్‌బీపీక్యూ రెండూ సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రాంలను నడిపి కనిపెట్టేది) సర్వీసులుగా వాటికంటూ ఉన్న యూజర్ కింద నడుస్తున్నాయి, ఆగిపోతే తమంతట తామే లేస్తాయి. ఐడీ ఇంటర్వల్ (కాల్‌సైన్ ప్రకటించే వ్యవధి) నా లైసెన్సు నిబంధన ప్రకారం పెట్టాను. బీకన్ సందేశం ఒక లైనే, ఛానెల్ అందరిదీ కాబట్టి. కెర్నెల్ పోర్టును పరీక్షల కోసం చేత్తో మాత్రమే పైకి తెస్తాను.

మిగిలినవి రెండు. మిత్రుడి ట్రాన్స్‌మిటర్ టోన్ల అసమానత సరిచేయడానికి అతను ఆడియో ఇచ్చే చోటు మార్చి చూస్తానన్నాడు, అతనివి మార్చాక నా తెర మీద ఆ రెండు అంకెలు చూసి చెప్పాలి. రెండోది 9600 బాడ్ పోర్టు. దానికి మైకు, స్పీకర్ జాకులు పనికిరావు. డిస్క్రిమినేటర్ (ఎఫ్‌ఎం సిగ్నల్‌ను ఆడియోగా మార్చే భాగం) నుంచి నేరుగా ఆడియో ఇచ్చే డేటా సాకెట్ ఉన్న రేడియో కావాలి, సౌండ్‌కార్డు 48000 శాంపిల్ రేటు మీద నడవాలి. టీఎక్స్‌డిలే కొలత మళ్లీ మొదటి నుంచి చేయాలి, ఎందుకంటే ఆ వేగంలో 300 మిల్లీసెకన్లు అంటే 360 బైట్లు, రెండు నిండు ఫ్రేముల కంటే ఎక్కువ.